ఎర్రయ్య మావ అతుకు

పార్సిలు అట్ట విప్పగానే ఆ వాసన షెడ్డంతా నిండింది. ఫైబరు అతికే జిగురు, రెజిను వాసన. ఘాటుగా, ఎక్కడో అడుగున కాస్త తియ్యగా ఉంటుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది ముక్కుకి తగలగానే కాసేపు చేతిలో పని ఆగిపోతుంది. టెక్కలి హైవే పక్కన ఉన్న మా షెడ్డులోకి నిన్న ఒక తెల్లటి రెండు తలుపుల స్పోర్ట్స్ కారు వచ్చింది. దానికి బిగించాల్సిన ముందు బంపరు, తలుపుల కింద బిగించే పక్క స్కర్టులు, వెనక రెక్క పూణే నుంచి లారీలో దిగాయి. నేను బంపరు లోపలి అంచు మీద వేలు గట్టిగా రాసి, ఆ వేలు నాలుక మీద పెట్టుకున్నాను. కారు తెచ్చిన అబ్బాయి ఫోనులోంచి తలెత్తి, "అన్నా, ఏంటది, టేస్టు చూస్తున్నావా?" అని నవ్వాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. సముద్రం ముఖం చూడని వస్తువు మీద ఉప్పు ఎందుకుంటుంది? ఉండదని నాకూ తెలుసు. కానీ ఒకసారి రుచి చూడకుండా చూశానని చెప్పాను. ఆ మాట ఒక మనిషికి ఎంత నష్టం చేసిందో రాయాలనే ఇప్పుడు కూర్చున్నాను. ఆయన పేరు ఎర్రయ్య. భావనపాడు ఒడ్డున ఫైబరు బోట్లు అతికేవాడు. నేను ఎర్రయ్య మావ అనేవాడిని.

అప్పటికి నాకు ముప్పై దాటలేదు. డెంటింగు, పెయింటింగు పనిలో టెక్కలి నుంచి పలాస దాకా నా అంతటివాడు లేడని నాకు నేనే సర్టిఫికెట్టు ఇచ్చుకుని తిరిగే రోజులు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉన్న ఒకాయన కొడుకు సెకండ్‌హ్యాండులో ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడు. నేలకి జానెడు ఎత్తుంటుంది, మా ఊరి స్పీడు బ్రేకర్లు చూస్తే దానికే ఏడుపు వచ్చేలా ఉంటుంది. దాన్ని ఇంకా కిందకి దించి, ఇంకా వెడల్పు చేసి, ముందు ఫైబరు బంపరు పెట్టాలని అతని ముచ్చట. రేకు పని తెలిసినవాడికి ఫైబరు ఒక లెక్కా అనుకున్నాను. తీరా పెట్టి చూస్తే ఎడమవైపు హెడ్‌లైటు కింద రెండు వేళ్ళు పట్టే సందు. నేను ఇంకొకడి చేత బంపరుని లోపలికి నొక్కించి, స్క్రూల మీద స్క్రూలు దింపి సందు మూసేశాను. ఫిల్లరు పూసి, రంగు కొట్టి, కారుని షెడ్డు బయట ఎండలో పెట్టి మురిసిపోయాను. మర్నాటికి ప్రతి స్క్రూ చుట్టూ సాలెగూడు లాగా సన్నటి గీతలు తేలాయి.

రంగుల దుకాణం అతను నా గోడు విని, భావనపాడు ముసలాయన ఒకడు వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి టెక్కలి వస్తాడు, ఫైబరు సంగతి ఆయన్నే అడగమన్నాడు. మా వైపు కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్నదే, ఆ మాట విన్నాక ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు. వారానికి ఎన్నిసార్లని మాత్రం అడుగుతారు. ఆ మధ్యాహ్నం ఆయన డయాలిసిస్ ముగించుకుని ఆటోలో మా షెడ్డు దగ్గర దిగాడు. సన్నటి మనిషి. మోచేతి దగ్గర దూదీ పట్టీ, తల మీద తడి తువ్వాలు. ముఖంలో చావ లేదు, కళ్ళు మాత్రం కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చాయి. బంపరు మీద వేలి కణుపుతో టకటకా కొట్టి చూశాడు.

"మేకులెవుడు కొట్టినాడు?" అన్నాడు.

"మేకులు కావు మావా, స్క్రూలు. నేనే కొట్టాను."

"దీన్ని నువ్వు బిగించినావు గానీ ఇది కూకోనేదు బావు. కూకోనిదాన్ని బిగిత్తే సిట్లిపోద్ది. తీసీ అన్నీ."

నాకు చిర్రెత్తుకొచ్చింది. పడవలు అతికేవాడు కారు గురించి చెప్పడమేమిటని. అయినా తీశాను, గతి లేక. ఆయన నా చేత పసుపు తెప్పించి, కారు అంచు పొడవునా తడిపి పూయించాడు. బంపరుని ఒట్టిగా ఆనించి తీస్తే ఎక్కడ పసుపు అంటిందో అక్కడ ఎత్తుగా ఉందని అర్థం. అక్కడ మాత్రమే ఉప్పుకాగితంతో రుద్దాలి. మళ్ళీ పసుపు, మళ్ళీ ఆనించడం, మళ్ళీ రుద్దడం. తర్వాత స్క్రూలేమీ లేకుండా నైలాను తాడుతో బంపరుని కారుకి కట్టించి, కారుని ఎండలోకి నెట్టించాడు. ఎండ ఎక్కేకొద్దీ ఫైబరు మెత్తబడుతుంది. గంటకొకసారి తాడుకి ఒక్క మెలిక, ఒక్కటంటే ఒక్కటే, ఎక్కించమన్నాడు. ఆ రోజంతా ఆయన నీడన బల్ల మీద పడుకుని, జేబులోంచి చిన్న మందుసీసా తీసి అందులోని నీళ్ళతో పెదాలు తడుపుకుంటూ ఉన్నాడు. ఆ సీసాడే ఆ పూటకి డాక్టరు ఆయన్ని తాగమన్న నీళ్ళు. నేను చెంబు ఎత్తి గటగటా తాగబోయి, ఆయన్ని చూసి, షెడ్డు వెనక్కి వెళ్ళి తాగాను. పొద్దు వాలేసరికి సందు పోయింది. తాడు విప్పితే బంపరు తనంతట తాను అక్కడే ఉంది. ఎవరూ పట్టుకోకుండా.

"ఇప్పుడెట్టుకో నీ స్క్రూలు. రెండు సాలు," అన్నాడు ఎర్రయ్య మావ.

ఆ రోజు నుంచి ఆయన డయాలిసిస్ ఉన్న రోజున నేను నా బండి మీద తీసుకెళ్ళి దింపడం, లేని రోజున పని వదిలి భావనపాడు పోవడం మొదలుపెట్టాను. సరుగుడు తోట వెనక తాటాకు కప్పిన పందిరి ఆయన షెడ్డు. లోపల రెజిను డ్రమ్ము, ఫైబరు చాప చుట్టలు, ఆయనకీ నాకూ పట్టేంత జాగా. బోటు అడుగు పగిలితే ఒడ్డున చాలామంది ఏదో ఒకటి పూసి పంపేవారు, ఒక సీజను ఆగేది. ఎర్రయ్య వేసిన అతుకు మాత్రం బోటు పోయినా ఊడదని పేరు. ఆ పేరు గురించి ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు కానీ, ఎవరైనా చెబుతుంటే అడ్డు కూడా చెప్పేవాడు కాదు. అటు తిరిగి బీడీ వెతుక్కున్నట్టు నటించేవాడు. బీడీ మానేసి అప్పటికి చాలా కాలమైంది.

ఆయన పనిలో నాకు వింతగా తోచింది ఒకటే. పగులు చుట్టూ రుద్ది, మంచినీళ్ళతో మూడుసార్లు కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, ఆ తర్వాత ఆ పగుల్లో వేలు పెట్టి రాసి నాలుక మీద వేసుకునేవాడు. బోటు అడుగు అంటే తెలుసు కదా, చేపల జిగురు, డీజిలు, నాచు. మొదటిసారి చూసి నేను ముఖం తిప్పుకున్నాను.

"ఏటి, అసియ్యమేసిందా?" అని నవ్వాడు. "కంటికి ఎండినట్టే కనిపిత్తాది బావు. సేతికీ తెల్దు. నాలిక్కే తెలుత్తాది. ఉప్పు ఉన్న సోట సెమ్మ ఉంటాది. సెమ్మ ఉన్న సోట అతుకు పట్టదు. పట్టినట్టు ఉంటాది, అంతే."

"అయితే నీకు ఉప్పు వద్దన్నారు కదా మావా?"

"వొద్దన్నారు. ఎండుసేప మానీసినాను. పచ్చడి మానీసినాను. సముద్రం ఒడ్డున పుట్టి సప్పటి కూడు తింతన్నాను. నా నాలిక్కి ఇంక దొరికీ ఉప్పు ఇదొక్కటే." పక్కకి ఉమ్మి, "డాట్రుకి సెప్పకు," అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఇప్పుడు గుర్తొస్తే నాకు నవ్వు రాదు.

ఏడాది తిరిగింది. ఆయన చేతులు సన్నబడుతూ వచ్చాయి, వాటి బదులు నా చేతులు పని చేస్తూ వచ్చాయి. ఆయన బల్ల మీద పడుకుని చెప్పేవాడు, నేను చేసేవాడిని. ఆ ఎండాకాలం సముద్రంలో చేపల వేట నిషేధం ఇంకో నాలుగు రోజుల్లో ఎత్తేస్తారనగా తవిటయ్య బోటు షెడ్డుకి వచ్చింది. తవిటయ్య ఎర్రయ్య మావకి తమ్ముడి కొడుకు. చిన్నప్పుడే తండ్రి పోతే ఎత్తుకుని పెంచింది ఎర్రయ్య మావే. మావకి మగపిల్లలు లేరు. ఒక్కతే కూతురు, డొంకూరులో ఇచ్చారు. నాకు వరసకి బావ అయ్యాడు తవిటయ్య, నన్నూ బావా అనే పిలిచేవాడు. బోటు అడుగున మూరెడు పగులు. మావ దాన్ని చూసి, ఆ వారం డయాలిసిస్‌తో తనకి లేచే ఓపిక లేదని, ఆ పని నన్ను చెయ్యమన్నాడు.

"మూడుసార్లు కడుగు. బాగా ఎండబెట్టు. నాలిక మీద ఏసుకుని సూడు. బేగి సెయ్యకు," అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

అదే వారం పలాస అబ్బాయి ఎర్ర కారు మళ్ళీ నా షెడ్డులో ఉంది. ఈసారి చక్రాల మీద వెడల్పు ఫెండర్లు, వెనక రెక్క. ఆదివారం వైజాగులో కార్ల షో. "అన్నా, శనివారం రాత్రికి రెడీ అవ్వాలి, లేకపోతే నా పరువు పోతుంది," అని గంటకొక ఫోను. అతని పరువు గురించి ఆలోచించాను నేను. మూడో రోజు దాకా బోటు దగ్గరికి పోలేదు, పోయాక పగులుని ఒక్కసారి కడిగాను. రెండు రోజుల ఎండ బదులు వేడి గాలి మిషనుతో అరగంట ఆరబెట్టాను. థిన్నరు గుడ్డతో తుడిచాను. కారు పనిలో అంతకన్నా శుభ్రం లేదు. నాలుక మీద వేసుకోలేదు. తొందర ఒక కారణం. ఇంకో కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెబుతాను. పక్కన పడవ దగ్గర వలలు బాగుచేసుకుంటున్న నలుగురు నన్నే చూస్తున్నట్టనిపించింది. టెక్కలిలో సొంత షెడ్డు ఉన్నవాడిని, స్పోర్ట్స్ కార్లకి రెక్కలు బిగించేవాడిని, బోటు అడుగు నాకడమేమిటనిపించింది. నాలుగు పొరల చాప వేసి, రెజిను పోసి, పైన నీలం రంగు కొట్టి, బండెక్కి టెక్కలి వచ్చేశాను. అతుకు అద్దంలా ఉంది.

ఆ సాయంత్రం డయాలిసిస్ నుంచి మావని తీసుకొచ్చి షెడ్డు ముందు దింపాను. నిలబడే ఓపిక లేదు. బోటు అంచు పట్టుకుని వంగి చూశాడు.

"రుచి సూసినావా?"

"చూశాను మావా."

"ఉప్పు నేదు కదా?"

"లేదు."

తల ఊపాడు. ఆయన నా మాట నమ్మాడు. నేను చెప్పిన అబద్ధాలన్నిటిలో చిన్నది అదే అయి ఉంటుంది.

నిషేధం ఎత్తేసిన తెల్లవారుజామునే బోట్లన్నీ పసుపు కుంకుమలు పూసుకుని వెళ్ళాయి. తవిటయ్య బోటులో నలుగురు. మధ్యాహ్నానికి వాళ్ళని ఇంకో బోటు తాడేసి లాక్కొచ్చింది. నడి సముద్రంలో అడుగు అతుకు అంచు లేచి నీళ్ళు లోపలికి తన్నుకొచ్చాయట. బరువు తగ్గించడానికి వలలు, ఐసు పెట్టెలు, పట్టిన చేపలు అన్నీ విసిరేసి, దొరికినవాటితో నీళ్ళు తోడుకుంటూ గంటలకొద్దీ తేలారు. మనుషులు బతికి వచ్చారు, అదొక్కటే. నేను వెళ్ళేసరికి ఒడ్డంతా జనం. తవిటయ్య ఒళ్ళు వణుకుతూనే ఉంది. అందరి చూపూ ఎర్రయ్య మావ మీద ఉంది. ఆయన కర్ర పక్కన పెట్టి బోటు పక్కన చతికిలబడ్డాడు. లేచిన అతుకు కిందకి వేలు దూర్చి, లోపలి ముఖాన్ని రాసి, నాలుక మీద వేసుకున్నాడు. తల తిప్పి నన్ను ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే నాకు ఎంతో తేలికయ్యేది.

"నాదే ఈ అతుకు," అన్నాడు జనం వైపు తిరిగి. "ఆ దినం రగతం మార్పించుకుని వొచ్చి, ఈడేసింది పీకీసి నానే ఏసినాను. కళ్ళు తిరిగినాయి. బేగి బేగి ఏసేసినాను."

తవిటయ్య ఆయన మీదకి వెళ్ళబోతే ఇద్దరు పట్టుకున్నారు. "సేత కానప్పుడు మానీయాల పెదనానా. నలుగురి పేనాలు తీసీవోడివి. ఇంక నీ సెయ్యి ఎవుడి బోటు మీదా పడనీను," అని అరిచాడు. ఎర్రయ్య మావ సరేనన్నట్టు తల ఊపాడు. నేను అక్కడే ఉన్నాను, నాలుగడుగుల దూరంలో.

మర్నాడు ఆయన్ని డయాలిసిస్‌కి తీసుకెళుతూ దారిలో బండి ఆపి, "మావా, నేను..." అన్నాను.

"కారు కుదిరిందా?" అన్నాడు.

"కుదిరింది."

"రెక్కా?"

"కుదిరింది మావా."

తల మీద తువ్వాలు సర్దుకున్నాడు. తర్వాత మెల్లగా, "సూడనేదని సెప్పొచ్చు కదా బావు. మళ్ళీ కడిగీవోలం," అన్నాడు. అంతే. తిట్టడం ఆయనకి రాదు. ఊరి వాళ్ళకి నిజం చెబుతానంటే మాత్రం ఒప్పుకోలేదు. "నాకింకెన్నాళ్ళు. నీకు ముందర పనున్నాది. నీ అతుకు ఊడిందని తెలిత్తే ఈ ఒడ్డున ఎవుడూ నీకు బోటు ఇయ్యడు. నా తరవాత అతికీవోడు ఇంకోడు నేడు. ఊరుకో. బండి తియ్యి," అన్నాడు. నేను బండి తీశాను. ఆయన వద్దన్నాడు కాబట్టి చెప్పలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా నిజం కాదు. ఆయన వద్దనగానే నా గుండెల మీద నుంచి బరువు దిగింది. అది నాకు బాగా గుర్తు.

ఆ తర్వాత ఆయన పందిరికి ఒక్క బోటు రాలేదు. డయాలిసిస్ రోజుల్లో నా షెడ్డులో బల్ల మీద కూర్చుని, నేను కార్లకి బంపర్లు ఆనించి చూస్తుంటే చూసేవాడు. "పసుపు ఇంకా అంటతన్నాది, రుద్దు," అనేవాడు. ఒకసారి ఊరికే బంపరు మీద వేలు రాసి నాలుక మీద వేసుకుని, "ఏటీ నేదు," అన్నాడు. చలికాలం రాకముందే పోయాడు. పెంచిన కొడుకు ఉండీ పాడెకి ఒక మనిషి తక్కువ పడ్డాడు. తవిటయ్య రాలేదు. దూరంగా తన బోటు పక్కన మాకు వీపు చేసి కూర్చుని కొత్త వల కుట్టుకుంటున్నాడు. అతను పట్టాల్సిన కొమ్ము నేను పట్టాను. మనిషి బరువే లేడు. అల్లుడు తలకొరివి పెట్టాడు.

ఆ పై వేసవి నుంచి బోట్లు నా దగ్గరికి రావడం మొదలయ్యాయి. మావ చెప్పినట్టే జరిగింది. నేను మూడుసార్లు కడిగాను, ఎండబెట్టాను, ఎవరు చూస్తున్నా నాలుక మీద వేసుకున్నాను. ఒక్క అతుకూ ఊడలేదు. అది చూసి జనం అనే మాట ఒకటే. "ముసిలోడి సెయ్యి ఆకర్ని పోయింది గానీ, నీ సెయ్యి మంచిది." ఆ మాట రెండేళ్ళు విన్నాను. విన్న ప్రతిసారీ వాళ్ళకి ఎదురు చెప్పబోయి, చెప్పకుండా రెజిను కలుపుకున్నాను.

ఒక రోజు తవిటయ్య తన బోటు తెచ్చాడు. బోటుని ఇసుక మీదకి లాగి, తాడు ముడి వేస్తూ, "నీ సేతిలో పెడతన్నాను బావా. మా పెదనాన నాగ సెయ్యకు," అన్నాడు.

ఇక ఆగలేకపోయాను. "బావా, ఆ రోజు ఊడిన అతుకు మావది కాదు. నాది. సరిగా కడగలేదు, రుచి చూడలేదు. చూశానని ఆయనకి అబద్ధం చెప్పాను. ఆయన తన మీద వేసుకున్నాడు," అన్నాను.

కొడతాడనుకున్నాను. కొట్టాలని కూడా కోరుకున్నాను. అతను తాడు వదిలేసి ఇసుకలో కూర్చుండిపోయాడు. నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు, "నాను పాడె పట్టనేదు," అన్నాడు. లేచి, బోటు అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

నేను ఆ బోటుని ముట్టుకోలేదు. మూడో రోజు బిందెతో మంచినీళ్ళు పట్టుకుని అతనే వచ్చాడు. నా వైపు చూడకుండా పగులుని తనే కడిగాడు. మూడుసార్లు. రెండు రోజులు వచ్చి కాపలా ఉన్నట్టు ఎండలో దాని పక్కనే కూర్చున్నాడు. తర్వాత పగుల్లో వేలు పెట్టి రాసి, నాలుక మీద వేసుకున్నాడు. అచ్చం మావ లాగే కళ్ళు మూసుకుని. పక్కకి ఉమ్మలేదు, మింగాడు.

ఇప్పటికీ అంతే. ఏ బోటు వచ్చినా, ఆనాడు ఊడిన అతుకు నాదని చెప్పాకే పని మొదలుపెడతాను. విని బోటు వెనక్కి లాక్కుపోయిన వాళ్ళున్నారు. నేను ఆపను. తవిటయ్య మాత్రం ప్రతి వేసవీ తెస్తాడు. నేను రుచి చూశానన్నా నమ్మడు. నమ్మమని నేనూ అడగను. నన్ను పక్కకి జరగమని, తనే వేలు రాసి, తనే చూస్తాడు. అంతసేపూ నేను కలిపిన రెజిను పక్కన పెట్టుకుని నిలబడతాను.

"సప్పగున్నాది," అంటాడు. "ఇప్పుడెయ్యి."